ఇంటర్ విద్యార్థి నిద్ర: విద్యా మండళ్లకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యా మండళ్ల కార్యదర్శులకు,

మనిషి ఎప్పుడు నిద్రపోవాలో, ఎప్పుడు మేలుకోవాలో మెదడు అడుగుభాగంలోని కొన్ని వేల నాడీకణాలు నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయం మీద పట్టుదలకు గానీ క్రమశిక్షణకు గానీ ఉన్న అధికారం స్వల్పం. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఆ కణాల వేళలు ఆలస్యం వైపు జరుగుతాయి. రాత్రి నిద్ర పొద్దుపోయాక గానీ పట్టదు, పొద్దున మెలకువ తొందరగా రాదు. ఇంటర్మీడియట్ చదువు సరిగ్గా ఆ వయసులోనే పడుతుంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో చాలాచోట్ల స్టడీ అవర్స్ తెల్లవారకముందే మొదలై, రాత్రి భోజనాల తర్వాత కూడా సాగుతాయి. విద్యార్థి మెదడుకూ హాస్టల్ టైంటేబుల్‌కూ మధ్య ఉన్న ఈ వైరుధ్యం ఎక్కడ నుంచి వచ్చింది, దానివల్ల చదువుకు ఏం నష్టం, మండళ్లు ఏం చేయగలవు అన్నవి ఈ లేఖలోని విషయాలు.

నిద్రకు మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందన్న సంగతి ఒక జబ్బు వల్ల బయటపడింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఐరోపాలో ఒక రకం మెదడువాపు వ్యాపించింది. రోగుల్లో చాలామంది వారాల తరబడి మగతలో పడి ఉండేవారు. కొద్దిమందికి మాత్రం అసలు నిద్రే పట్టేది కాదు. వియన్నా నాడీవైద్యుడు కాన్‌స్టంటిన్ ఫాన్ ఎకనమో చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించాడు. మగతలో ఉన్నవారికి మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే భాగంలో వెనకవైపు దెబ్బతింది, నిద్రపట్టని వారికి ముందుభాగం దెబ్బతింది. దాన్నిబట్టి మెలకువను నిలిపేది వెనకభాగమనీ, నిద్రపుచ్చేది ముందుభాగమనీ అతడు ఊహించాడు. ఆ ఊహ తర్వాతి పరిశోధనల్లో నిలబడింది. మెలకువను పట్టి ఉంచే ఒరెక్సిన్ అనే పదార్థం 1998లో దొరికింది. దాన్ని తయారుచేసే కణాలు హైపోథలామస్‌లోనే ఉన్నాయి. అవి నశించినవారికి నార్కోలెప్సీ వస్తుంది. అంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతారు. అలాంటి మనిషిని బద్ధకస్తుడని ఏ వైద్యుడూ అనడు.

నిద్రకు చోటు తెలిశాక, వేళను లెక్కపెట్టేది ఏమిటన్న ప్రశ్న మిగిలింది. 1971లో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ పండ్ల ఈగల్లో ఒక జన్యువును గుర్తించారు. అందులో ఒక మార్పు వస్తే ఈగ రోజు 19 గంటలకు కుదించుకుపోయింది, ఇంకో మార్పుతో 28 గంటలకు పెరిగింది, మూడో మార్పుతో లయే లేకుండా పోయింది. ఈ జన్యువు పనితీరును విడమర్చిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ జన్యువు చేయించే ప్రొటీన్ కణంలో పోగై, చివరికి తన తయారీని తానే ఆపేస్తుంది. అది కరిగిపోయాక తయారీ మళ్లీ మొదలవుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడానికి దాదాపు 24 గంటలు పడుతుంది.

క్షీరదాల్లో ఈ లయకు కేంద్రం హైపోథలామస్‌లో, రెండు కళ్ల నరాలూ కలిసే చోటుకు కాస్త పైన ఉంటుంది. దాని పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. రెండు వైపులా కలిపి అందులో సుమారు 20,000 నాడీకణాలు ఉంటాయి. 1972లో అమెరికాలో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా ఎలుకల్లో ఈ భాగాన్ని ధ్వంసం చేసి చూశాయి. ఎలుకలు తిరగడం, నీళ్లు తాగడం మానలేదు, కానీ ఆ పనులకు వేళాపాళా లేకుండా పోయింది. 1990లో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనాకర్, వారి సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. 20 గంటల లయతో పుట్టిన హామ్‌స్టర్ల నుంచి ఈ కణాలను తీసి, తమ కణాలు పోగొట్టుకున్న మామూలు హామ్‌స్టర్లకు అమర్చారు. వాటి తిరుగుడు మళ్లీ లయలో పడింది. అయితే ఈసారి అది 24 గంటల లయ కాదు, కణాలిచ్చిన జంతువుల 20 గంటల లయ. ఒక ప్రాణి దినచర్యను ఇంకో ప్రాణిలోకి మార్చడానికి చిటికెడు నాడీకణజాలం సరిపోయింది.

మనుషుల్లో ఈ లయ సగటున 24 గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ. అందువల్ల దాన్ని రోజూ సరిదిద్దాలి. ఆ పని వెలుతురు చేస్తుంది. చూపుకు పనికొచ్చే కణాలతో పాటు కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణకం గల కొన్ని ప్రత్యేక కణాలు ఉన్నాయని, అవి నేరుగా వెలుతురుకు స్పందిస్తాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. నీలిరంగు కాంతికి ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. ఉదయపు వెలుతురు లయను ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుతురు ఆలస్యం చేస్తుంది. చీకటి పడ్డాక ఇదే కేంద్రం పీనియల్ గ్రంథిని మేల్కొలిపి మెలటోనిన్‌ను విడుదల చేయిస్తుంది. రక్తంలో మెలటోనిన్ పెరగడం శరీరానికి రాత్రి మొదలైందన్న సూచన. శరీర ఉష్ణోగ్రత తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. ఏకాగ్రత అన్నిటికన్నా బలహీనంగా ఉండేది ఆ వేళలోనే.

లయ ఒక్కటే నిద్రను నడపదు. మేలుకుని ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి రెండోది. ఈ రెండూ కలిసి నిద్రను నిర్ణయిస్తాయన్న నమూనాను జ్యూరిక్‌లో అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించాడు. నాడీకణాలు పనిచేసే కొద్దీ అడెనోసిన్ అనే పదార్థం పోగవడం ఈ ఒత్తిడికి ఒక ముఖ్య కారణం. టీ, కాఫీల్లోని కెఫీన్ అడెనోసిన్ కూర్చోవలసిన చోట్లను ఆక్రమిస్తుంది. నిద్ర ఒత్తిడి తగ్గదు గానీ దాని కబురు మెదడుకు అందదు. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. స్టడీ అవర్ మధ్యలో రాత్రి 9 గంటలకు ఇచ్చే టీ ఆ రాత్రి నిద్రలో కూడా పనిచేస్తూనే ఉంటుంది.

యౌవనంలో లయ, నిద్ర ఒత్తిడి రెండూ మారతాయి. ఈ మార్పును మొదట క్రమపద్ధతిలో కొలిచింది మేరీ కార్స్‌కాడన్. 1976 నుంచి స్టాన్‌ఫర్డ్‌లో ఆమె వేసవి శిబిరాలు నడిపి, పిల్లలను ఏటా పిలిచి, రాత్రికి 10 గంటలు పడుకునే వీలు కల్పించి నిద్రను నమోదు చేశారు. వయసు పెరిగితే నిద్ర అవసరం తగ్గుతుందన్నది అప్పటి అంచనా. యౌవనంలో అడుగుపెట్టాక కూడా పిల్లలు తొమ్మిది గంటలకు పైగానే నిద్రపోయారు. పైగా పెద్ద పిల్లలకే పగటిపూట మగత ఎక్కువగా కనిపించింది. బ్రౌన్ విశ్వవిద్యాలయానికి మారాక ఆమె బృందం, యౌవన దశ ముందుకు సాగేకొద్దీ మెలటోనిన్ విడుదల ఆలస్యమవుతుందని చూపింది. నిద్ర ఒత్తిడి కూడా ఈ వయసులో చిన్నపిల్లల్లో కన్నా నెమ్మదిగా పేరుకుంటుంది. అందువల్ల పదేళ్ల పిల్లవాడు తూగే వేళకు పదిహేడేళ్ల వాడు చురుగ్గా ఉంటాడు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో వేలమంది నిద్రవేళలను పరిశీలించిన టిల్ రోనెబెర్గ్ బృందం 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఈ ఆలస్యం 20 ఏళ్ల ప్రాంతంలో పతాకస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది.

ఇదంతా ఫోన్ల మహిమ అని కొట్టిపారేయడం తేలిక. రాత్రి ఫోన్ వెలుతురు ఆలస్యాన్ని పెంచే మాట నిజమే. కానీ మూలకారణం అది కాదు. కార్స్‌కాడన్ శిబిరాల నాటికి పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు. యౌవనంలో వేళలు ఆలస్యమవడం రీసస్ కోతుల్లో, ప్రయోగశాల ఎలుకల్లో కూడా కనిపించింది.

తెల్లవారుజామున లేచి చదివితే బుర్రకెక్కుతుందన్నది తెలుగు ఇళ్లలో తరతరాల నమ్మకం. బ్రాహ్మీ ముహూర్తానికి లేచే అలవాటు పుట్టిన కాలంలో పల్లె దీపం పెట్టిన కాసేపటికే నిద్రపోయేది. ఎనిమిది గంటలకు పడుకున్నవారికి నాలుగు గంటలకు నిద్ర చాలుతుంది. ఆ లెక్కలో మొదటి సగాన్ని వదిలేసి రెండో సగాన్ని మాత్రం పట్టుకుంది నేటి హాస్టల్. రాత్రి 11 గంటలకు దీపాలు ఆర్పి 5 గంటలకు గంట కొడితే పడకమీద ఉన్నది 6 గంటలు, నిద్ర అంతకన్నా తక్కువ. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది.

ఇందులో భూగోళానికి కూడా కొంత పాత్ర ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ అక్కడికి దాదాపు 4 డిగ్రీల పడమర. కాబట్టి గోడగడియారంలో 5 గంటలైనప్పుడు హైదరాబాద్ సూర్యుడి లెక్కలో ఇంకా 5 కావడానికి పావుగంట ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో అక్కడ సూర్యోదయం 6:45 దాటాక గానీ కాదు. ఆ రోజుల్లో తెల్లవారుజామున 4:30కి లేపిన విద్యార్థి సూర్యోదయానికి ముందే రెండు గంటలకు పైగా చదువుతాడు. అతని మెదడుకు అది ఇంకా నడిరాత్రే.

నిద్ర తగ్గితే మొదట నష్టపోయేది చదువే. చదివినది మొదట చేరేది హిప్పోక్యాంపస్ అనే భాగానికి. దాని పాత్ర తెలిసింది 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జరిగిన ఒక శస్త్రచికిత్స వల్ల. మూర్ఛ తగ్గించడానికి శస్త్రవైద్యుడు విలియం స్కోవిల్ హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడు రెండు వైపుల నుంచీ ఆ భాగంలో ఎక్కువ వంతు తొలగించాడు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ రోజు నుంచి అతనికి కొత్త సంఘటన ఏదీ గుర్తుండలేదు. అతన్ని దశాబ్దాల పాటు పరిశీలించిన బ్రెండా మిల్నర్ ఇంకో విశేషం గమనించారు. అద్దంలో చూస్తూ నక్షత్రాన్ని గీయడం అతను రోజురోజుకూ బాగా నేర్చుకున్నాడు, ఆ పని ముందురోజు చేసినట్టు మాత్రం అతనికి జ్ఞాపకం లేదు. నైపుణ్యానికి ఒక దారి, విషయ జ్ఞాపకానికి మరొక దారి ఉన్నాయని అప్పుడు తేలింది. ఎంపీసీ, బైపీసీ విద్యార్థి బట్టీపట్టే సూత్రాలు, నిర్వచనాలు, పేర్లు రెండో దారిన పోతాయి.

ఆ దారి పొడవునా పని నిద్రలోనే సాగుతుంది. మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ 1994లో ఎలుకల హిప్పోక్యాంపస్ కణాలను నమోదు చేశారు. మెలకువలో ఒక చోట తిరిగేటప్పుడు కలిసి స్పందించిన కణాలే తర్వాతి నిద్రలో మళ్లీ కలిసి స్పందించాయి. పగటి అనుభవాన్ని మెదడు రాత్రి తిరిగి నడిపిస్తోందన్నమాట. ఇది కేవలం ప్రతిధ్వని కాదని 2009లో గాబ్రియెల్ జిరార్డో, మికాయెల్ జుగారో, వారి సహచరులు చూపారు. ఎలుకలు నేర్చుకున్న తర్వాతి విశ్రాంతిలో, నిద్రలో హిప్పోక్యాంపస్‌లో పుట్టే చిరు తరంగాలను వారు సన్నని విద్యుత్ స్పందనలతో అడ్డుకున్నారు. ఆ ఎలుకల దారి జ్ఞాపకం తోటి ఎలుకల కన్నా బలహీనపడింది. ఈ క్రమంలో పగలు నేర్చినది నెమ్మదిగా మెదడు పైపొరలో స్థిరపడుతుంది. రాత్రంతా చదివించి నిద్ర లేకుండా చేయడం, నాట్లు వేసిన మర్నాడే మడి దున్నేయడం లాంటిది.

నిద్ర తగ్గిన మెదడు కొత్త విషయాన్ని తీసుకోవడంలో కూడా వెనకబడుతుంది. 2007లో సంగ్-షిక్ యూ, మాథ్యూ వాకర్ తదితరులు ఒక రాత్రి నిద్రలేని యువకులకు బొమ్మలు చూపించి మెదడును స్కాన్ చేశారు. బాగా నిద్రపోయినవారి కన్నా వారి హిప్పోక్యాంపస్ తక్కువగా స్పందించింది, తర్వాత గుర్తున్న బొమ్మలూ తక్కువే. అదే బృందం అదే ఏడాది చేసిన ఇంకో అధ్యయనంలో, నిద్రలేనివారి మెదడులో అమిగ్డలా అనే భాగం అప్రియమైన దృశ్యాలకు 60 శాతం ఎక్కువగా స్పందించింది. భయాన్ని, కోపాన్ని రేపే అమిగ్డలాను అదుపు చేయవలసిన నుదుటివైపు మెదడుతో దాని బంధం బలహీనపడింది. స్లిప్ టెస్టులో రెండు మార్కులు తగ్గినందుకు పిల్లవాడు గది తలుపు వేసుకుని ఏడవడం వెనక ఇలాంటి కారణం కూడా ఉండొచ్చు. విద్యార్థుల మానసిక ఒత్తిడి గురించి ఎంత మాట్లాడినా, నిద్రను పక్కన పెడితే ఆ చర్చ సగమే.

క్లాసులో కళ్లు తెరిచి, పెన్ను పట్టుకుని ఉన్న విద్యార్థి మేలుకుని ఉన్నాడని చెప్పడం కూడా కష్టం. విస్కాన్సిన్‌లో వ్లాదిస్లావ్ వ్యజోవ్‌స్కీ, జూలియో టొనోనీ బృందం 2011లో ఎక్కువసేపు మేలుకొల్పిన ఎలుకల మెదడు పైపొరను గమనించింది. ఎలుకలు తిరుగుతున్నాయి, చూస్తున్నాయి. అదే సమయంలో వాటి మెదడులో కొన్ని నాడీకణాలు గాఢనిద్రలోలాగా కొన్ని క్షణాల పాటు ఆగిపోతున్నాయి. పంజాతో చక్కెర బిళ్లను అందుకునే పనికి కాస్త ముందు సంబంధిత కణాలు అలా ఆగితే, ఆ పని గురితప్పే అవకాశం పెరిగింది. తెలిసిన లెక్కలో ప్లస్‌కు బదులు మైనస్ వేసే తప్పులకు అజాగ్రత్త అని పేరు పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొద్దికొద్దిగా తగ్గే నిద్ర కూడా ప్రమాదమే. హాన్స్ వాన్ డోంగెన్, డేవిడ్ డింజెస్ తదితరులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఆరోగ్యవంతులైన పెద్దవారిని రెండు వారాల పాటు పరిమిత నిద్రలో ఉంచారు. రోజుకు 6 గంటలు లేదా అంతకన్నా తక్కువ పడుకున్నవారి పనితీరు, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా నిద్రలేనివారి స్థాయికి దిగజారింది. ఆ సంగతి వారిలో ఎక్కువమందికి తెలియనే లేదు, మగత కొద్దిగానే ఉందని చెప్పారు. అందుకే తనకు అలవాటైపోయిందని హాస్టల్ విద్యార్థి చెప్పే మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఈ విజ్ఞానాన్ని బడి వేళల్లోకి తెచ్చిన ప్రాంతాలు ఉన్నాయి. కార్స్‌కాడన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో బడి 8:25 నుంచి 7:20కి జరిగినప్పుడు పిల్లలు ముందుగా పడుకోలేకపోయారు, నిద్ర మాత్రం తగ్గింది. ఉదయం పూట పరీక్షించినప్పుడు దాదాపు సగం మందిలో నార్కోలెప్సీ రోగుల్లోలాగా నేరుగా కలల నిద్రలోకి జారే లక్షణం కనిపించింది. మిన్నెసోటాలోని ఎడైనా పట్టణం 1996లో హైస్కూలు మొదలయ్యే వేళను గంటకు పైగా ఆలస్యం చేసింది. సియాటిల్ నగరం 2016లో 7:50ని 8:45కు మార్చింది. అక్కడి విద్యార్థుల నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగిందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మణికట్టు పరికరాలతో కొలిచి చెప్పారు. బడి ఆలస్యమైతే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారన్న భయం నిజం కాలేదు. హైస్కూళ్లు 8:30కి ముందు మొదలు కాకూడదన్న చట్టం కాలిఫోర్నియాలో 2022 నుంచి అమల్లో ఉంది. అమెరికాలో ఈ మార్పుకు పెద్ద అడ్డంకి స్కూలు బస్సుల ఏర్పాటు. రెసిడెన్షియల్ కాలేజీకి ఆ చిక్కు లేదు. పడకగది, క్లాసు ఒకే ప్రాంగణంలో ఉంటాయి, గంట కొట్టేది యాజమాన్యమే.

ఐఐటీ, నీట్ పోటీ ముందు నిద్రకు తావెక్కడ అన్నది యాజమాన్యాల వాదన, చాలామంది తల్లిదండ్రుల భయం కూడా. పోటీలో లెక్కకు వచ్చేది పరీక్ష హాల్లో గుర్తున్న విషయం. పుస్తకం ముందు కూర్చున్న గంటలను ఎవరూ లెక్కించరు. పైన చెప్పిన ప్రయోగాలన్నీ చెబుతున్నది ఒకటే: నిద్ర చదువులోని ఒక దశ, దాన్ని కోస్తే ముందు దశ శ్రమ కూడా వృథా.

అఫిలియేషన్ ఇచ్చే అధికారం, తనిఖీ చేసే అధికారం మండళ్లవి. వాటి పరిధిలో చేయదగిన పనులు ఆరు.

మొదటిది, హాస్టల్ ఉన్న ప్రతి జూనియర్ కాలేజీలో రాత్రి దీపాలు ఆర్పిన వేళకూ ఉదయం గంటకూ మధ్య కనీసం 9 గంటలు ఉండాలి. రాత్రి 10 తర్వాత స్టడీ అవర్, ఉదయం 7కు ముందు మేలుకొలుపు ఉండకూడదు.

రెండోది, ఉదయం 8:30కి ముందు క్లాసులు, స్లిప్ టెస్టులు పెట్టకూడదు.

మూడోది, రాత్రి 9 తర్వాత వసతి గదుల్లో తెల్లని కాంతి తగ్గించాలి, స్టడీ అవర్‌లో టీ, కాఫీ ఇవ్వకూడదు. ఉదయం టిఫిన్‌కు ముందో తర్వాతో కనీసం అరగంట ఆరుబయట గడపనివ్వాలి. మెదడు లయను సరిదిద్దడానికి ఆ వెలుతురే మందు.

నాలుగోది, ఆదివారం మేలుకొలుపు వేళ మిగతా రోజులకు గంటకు మించి తేడాగా ఉండకూడదు. వారానికోసారి వేళలు తలకిందులైతే లయ మళ్లీ గాడిలో పడటానికి రోజులు పడుతుంది.

ఐదోది, క్లాసులో కునికిపాట్లు పడే విద్యార్థిని నిలబెట్టడం, బయటికి పంపడం ఆపాలి. అది పదేపదే జరిగితే వార్డెన్, లెక్చరర్ ఆరోగ్య సమస్యగా నమోదు చేసి వైద్యుడికి చూపించాలి. రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగడం, కుంగుబాటు వంటివి కూడా ఇలాగే బయటపడొచ్చు.

ఆరోది తనిఖీ. తనిఖీ బృందం పగలు వెళితే క్లాసురూములు కనిపిస్తాయి, తెల్లవారుజామున 5 గంటలకు వెళితే అసలు టైంటేబుల్ కనిపిస్తుంది. దాంతోపాటు విద్యార్థులు పేరు రాయకుండా నింపే ప్రశ్నపత్రాన్ని కాలేజీ ద్వారా కాకుండా మండలి నేరుగా సేకరించి, ఫలితాలను కాలేజీల వారీగా ప్రకటించాలి.

ఈ షరతులకు ఆధారం ఇప్పటికే ఉంది. కోచింగ్ క్లాసులు రోజుకు 5 గంటలు మించకూడదని, మరీ పెందలాడే గానీ మరీ పొద్దుపోయాక గానీ నడపకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. రామ్‌లీలా మైదానం కేసులో 2012లో సుప్రీంకోర్టు నిద్రను రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కుతో ముడిపెట్టింది. పీనియల్ గ్రంథి, మెలటోనిన్, 24 గంటల లయ గురించి జువాలజీ పాఠంలోనే ఉంది, బైపీసీ విద్యార్థులు పరీక్షల్లో దాని గురించి రాస్తారు కూడా. ఆ పాఠానికి విరుద్ధంగా నడిచే హాస్టళ్లకు అఫిలియేషన్ ఇవ్వకుండా ఉండటం మండళ్ల చేతిలో పని. వచ్చే విద్యా సంవత్సరపు నిబంధనల్లో ఈ ఆరు షరతులనూ చేర్చాలని ఈ లేఖ కోరుతోంది.